బిగువు వేరు, పట్టు వేరు: పాత కారు నడకను చక్కదిద్దే విధానం

అంబాసిడరు కారును మన ప్రాంతాలవారికి కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గ్రహించి, హిందూస్థాన్ మోటార్సు వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా వద్ద 1950వ దశకం చివరినుండి దానిని తయారు చేస్తూ వచ్చినారు. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయినది. అర్ధ శతాబ్దానికి మించిన ఆ కాలంలో మంత్రుల వాకిళ్ళలోను, రైలు స్టేషన్ల ముందరి టాక్సీల వరుసలోను, పెళ్ళి ఊరేగింపులలోను ఆ కారు కనిపించని చోటు లేదు. తయారీ ఆగినా కార్లు మిగిలినవి. తాతగారు కొన్న కారును అమ్ముకోలేక, అలాగని తుప్పు పట్టిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, మనుమలు దానిని మళ్ళీ రోడ్డు ఎక్కించడం నేడు అనేక కుటుంబాలలో జరుగుతున్నది.

రోడ్డు ఎక్కిన తరువాతనే అసలు చిక్కు బయటపడుతుంది. ఇంజను బాగానే పలుకుతుంది. కాని మలుపు తిరిగేటప్పుడు కారు పడవవలె ఒక ప్రక్కకు ఒరుగుతుంది. గతుకు దాటిన తరువాత రెండు మూడు మార్లు ఊగితేగాని కుదుటపడదు. తిన్నని రోడ్డు మీద కూడ స్టీరింగును అటూ ఇటూ సవరిస్తూ ఉండవలసి వస్తుంది. కొత్త కార్లకు అలవాటు పడిన చేతులకు ఇది భయం గొలుపుతుంది. అప్పుడు ఎవరికైనా వెంటనే తట్టే ఉపాయం ఒకటే: గట్టి స్ప్రింగులు వేయించి, కారును కాస్త క్రిందికి దింపితే ఒరగడం మానుతుందని. ఈ ఆలోచనలో సగం నిజం ఉన్నది. మిగిలిన సగంలో ప్రమాదం ఉన్నది. కారు ఒరగకుండ చేయడం వేరు, కారు జారకుండ చేయడం వేరు. మొదటిది బిగువు, రెండవది పట్టు. ఈ రెండింటికీ గల భేదం గ్రహించినవారు కొద్దిపాటి ఖర్చుతో పాత కారు నడకను చక్కదిద్దగలరు. గ్రహించనివారు చాలా ఖర్చు పెట్టి, ఒకచోటి లోపాన్ని మరొకచోటికి నెట్టుకుంటారు.

ముందుగా ఎవరి పని ఏదో తెలుసుకుందాం. ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. చక్రానికి రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా మనిషి నడుముకు చేరుతుంది. జట్కాబండికి ఇరుసుకూ పెట్టెకూ నడుమ కమాను కట్టలు అమర్చడంతో ఆ బాధ కొంత తీరినది. కారులో ఈ పనిని నాలుగు అంగాలు పంచుకుంటాయి. మొదటిది స్ప్రింగు. అది బరువు మోస్తుంది, చక్రం ఎగసినప్పుడు తాను వంగి దెబ్బను తన మీద వేసుకుంటుంది. రెండవది షాక్ అబ్జార్బరు. పేరును బట్టి దెబ్బను మింగేది ఇదే అనుకుంటాము గాని, దీని పని స్ప్రింగు ఊపును అణచడం. ఉయ్యాలను ఒక్కసారి నెట్టి వదిలితే చాలాసేపు ఊగుతుంది. ఎవరైనా చేయి అడ్డుపెడితే నిలుస్తుంది. కారులో ఆ అడ్డుపెట్టే చేయి షాక్ అబ్జార్బరే. తనలోని నూనెను సన్నని రంధ్రాలగుండా నెట్టి, ఊపులోని శక్తిని వేడిగా మార్చివేస్తుంది. మూడవది కీళ్ళ వ్యవస్థ, అనగా చక్రాన్ని తన చోట నిలిపే ఉక్కు చేతులు, వాటి కొనలలోని రబ్బరు బుష్షులు. నాలుగవది టైరు. ఇంత పెద్ద కారులో నేలను తాకేది టైరు ఒక్కటే. ఒక్కొక్క టైరు నేలను తాకే మేర సుమారు ఒక అరచేయి అంత. పైన చేసే మరమ్మతు ఏదైనా, చివరకు ఈ నాలుగు అరచేతుల పట్టును పెంచినదా, తగ్గించినదా అన్నదే లెక్క.

అంబాసిడరు ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. వాటికి చుట్టల స్ప్రింగులు లేవు. టార్షన్ బారు అనే పొడవైన ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని ఒక కొన బాడీకి బిగించి ఉంటుంది, రెండవ కొనకు చక్రాన్ని మోసే చేయి తగిలించి ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడు, తడిబట్టను పిండేటప్పుడు మెలిపడినట్లు, ఆ కడ్డీ మెలిపడుతుంది. తిరిగి తన స్థితికి రావడానికి ప్రయత్నిస్తూ చక్రాన్ని నేలకు ఒత్తుతుంది. వెనుక మాత్రం రెండు చక్రాలకూ ఒకే ఇరుసు. దానిని రెండు కమాను కట్టలు మోస్తాయి. ఈ అమరిక 1948లో వెలువడిన మోరిస్ మైనరు కారుతో ప్రసిద్ధికెక్కినది. ఆ మైనరును మన దేశంలో బేబీ హిందూస్థాన్ అనే పేరుతో కొంతకాలం విక్రయించినారు. కనుక అంబాసిడరు నడకను అర్థం చేసుకోదలచినవారికి మైనరు చరిత్ర పనికివస్తుంది.

మైనరును రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. తరువాత 1959లో మినీ కారును లోకానికి ఇచ్చినది ఈయనే. మైనరు దాదాపు సిద్ధమైన తరుణంలో అది చూపులకు మరీ సన్నగా ఉన్నదని ఆయనకు తోచినది. నమూనా కారును నడిమికి నిలువుగా కోయించి, రెండు సగాలనూ ఎడంగా జరిపిస్తూ, తన కంటికి కుదిరినచోట ఆపించినాడు. ఆ ఎడం నాలుగు అంగుళాలు. అప్పటికే బంపర్లు తయారై ఉండడంచేత తొలి కార్లకు వాటిని నడుమ కోసి అతుకు వేయవలసి వచ్చినది. బానెట్టు నడుమ కనిపించే బల్లపరుపు పట్టీ కూడ ఆ నాలుగు అంగుళాల గుర్తే. చూపు కోసం చేసిన మార్పు నడకకు మహోపకారం చేసినది. స్ప్రింగును గట్టిపరచకుండానే కారు రోడ్డును మరింత బాగా పట్టుకున్నది.

ఇది ఎట్లు సాధ్యమైనది? కదిలే బస్సులో నిలబడినవాడు కాళ్ళు ఎడంగా పెట్టుకుంటాడు. దగ్గరగా పెట్టుకుంటే మలుపులో బరువంతా ఒక్క కాలి మీదికి వస్తుంది. కారు స్థితీ అంతే. మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు చక్రాల మీది బరువు కొంత బయటివైపు చక్రాలకు బదిలీ అవుతుంది. ఎంత బదిలీ అయ్యేదీ కారు వేగం, మలుపు వాడి, బరువు నేలనుండి ఎంత ఎత్తున ఉన్నది, చక్రాలు ఎంత ఎడంగా ఉన్నవి అనే విషయాలనుబట్టి ఉంటుంది. అదే మలుపును 40 కిలోమీటర్ల వేగంతో గాక 60 కిలోమీటర్ల వేగంతో తిరిగితే కారును బయటికి లాగే బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. స్ప్రింగు గట్టిదా, మెత్తదా అన్నది ఈ మొత్తం బదిలీని చెప్పుకోదగినంతగా మార్చదు. ఏ మాత్రం ఒరగని కారులో కూడ ఆ బరువు బయటివైపుకు పోయే తీరుతుంది.

ఇక్కడ టైరు స్వభావం ఒకటి గమనించవలెను. బరువు పెరిగినకొద్దీ టైరు పట్టు పెరుగుతుంది గాని, బరువు పెరిగినంతగా పెరగదు. లెక్కకోసం ముందు చక్రాలు రెండూ చెరి 300 కిలోలు మోస్తున్నవనుకుందాం. మలుపులో బయటి చక్రం మీదికి 450 కిలోలు వచ్చి, లోపలి చక్రం మీద 150 మాత్రమే మిగిలినవి. మోసే మొత్తం అంతే అయినా, జంటగా వాటి పట్టు మునుపటికన్న తగ్గిపోతుంది. లోపలివాడు కోల్పోయినదంతా బయటివాడు సంపాదించలేడు. ఇద్దరు కూలీలలో ఒకని భుజం మీదనే మూట పెట్టినట్లు అన్నమాట. కాబట్టి బరువు బదిలీ ఏ ఇరుసు దగ్గర ఎక్కువగా జరిగితే ఆ ఇరుసు ముందుగా జారుతుంది.

స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు చేయగలిగిన పని ఈ బదిలీని ముందు వెనుకల మధ్య పంచడమే. యాంటీ రోల్ బారు అనగా ఎడమ కుడి చక్రాలను కలుపుతూ అడ్డంగా అమర్చే ఉక్కు కడ్డీ. ముందువైపు లావుపాటి బారు వేస్తే కారు ఒరగడం తగ్గి చూపులకు నిబ్బరంగా కనిపిస్తుంది. కాని అదే సమయంలో ముందు టైర్ల పట్టు తగ్గి, తడిరోడ్డు మీద స్టీరింగు త్రిప్పినా కారు తిన్నగా పోజూస్తుంది. వెనుకవైపు అతిగా బిగిస్తే, వెనుక భాగం బయటికి జారి కారు గిరుక్కున తిరిగే ప్రమాదం ఉన్నది. పైగా ఒక చక్రం గుంటలో పడినప్పుడు ఆ కడ్డీ రెండవ చక్రాన్ని కూడ కదిలిస్తుంది. ఒరగడం అనేది డ్రైవరుకు కారు చేసే హెచ్చరిక కూడ. ఆ హెచ్చరికను మాన్పించి, పట్టును పెంచకుండ వదిలితే, కారు చెప్పకుండ జారుతుంది. గట్టి స్ప్రింగు తెచ్చిపెట్టే ధైర్యంలోని మోసం ఇదే.

మరి చేయవలసినదేమి? పనిని నేలనుండి మొదలుపెట్టి పైకి రావలెను. మొదట టైర్లు. ఎక్కువ కాలం నిలిపి ఉంచిన కారు టైరు గాట్లు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడి ఉండవచ్చు. టైరు ప్రక్కగోడ మీద తయారీ సంఖ్య చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పదేండ్లు దాటిన టైరును ఎంత కొత్తగా కనిపించినా మార్చుటయే క్షేమం. ఈ కార్ల తొలి తరానికి క్రాస్-ప్లై టైర్లు ఉండేవి. వాటి స్థానంలో తగిన కొలత రేడియలు టైర్లు వేస్తే తిన్నని రోడ్డు మీది తడబాటు చాలవరకు పోతుంది. అయితే నాలుగూ ఒక్కసారే మార్చవలెను. రెండు రకాలను కలిపి వాడితే, ముఖ్యంగా ముందు రేడియలు, వెనుక క్రాస్-ప్లై వేస్తే, మలుపులో వెనుక భాగం ముందుగా జారుతుంది. టైరు ఎంత వెడల్పుగా ఉంటే అంత మేలనుకోవడం కూడ పొరపాటు. మితిమీరిన వెడల్పు టైరు స్టీరింగును బరువెక్కించి, కీళ్ళ మీద భారం పెంచుతుంది.

రెండవది కీళ్ళు. స్టీరింగు కొనలలోను, చక్రాన్ని పట్టే పిన్నులలోను అరుగుదల ఉంటే, పైన ఏమి మార్చినా వృథా. మోరిస్ మైనరులో ముందు చక్రాన్ని పట్టే క్రింది మరబిళ్ళకు ట్రనియన్ అని పేరు. దానికి క్రమంగా గ్రీజు ఎక్కించకపోతే మరలు అరిగి ఊడిపోయి, చక్రం ప్రక్కకు ఒరిగి కారు కూలబడుతుంది. మైనరు యజమానులు ఈ లోపాన్ని చాలా కాలంగా ఎరుగుదురు. కొన్ని రూపాయల గ్రీజు చేసే రక్షణను వేల రూపాయల స్ప్రింగు చేయలేదు. తరువాత బుష్షులు. ఎండిపోయిన రబ్బరు బుష్షు చక్రాన్ని తన చోట నిలపలేదు. వెనుక కమాను కట్టలు బరువు మోయడంతోపాటు ఇరుసును తిన్నగా నిలిపే పనిని కూడ చేస్తాయి గనుక, వాటి కొనలలోని బుష్షులు అరిగితే ఇరుసే అటూ ఇటూ మళ్ళి, కారు వెనుకనుండి స్టీరింగు త్రిప్పినట్లు తోస్తుంది. కొత్త రబ్బరు బుష్షులు వేసేటప్పుడు ఒక మెలకువ ఉన్నది. ముందు చక్రాల చేతుల బుష్షులను కారు చక్రాల మీద నిలిచి ఉన్నప్పుడే చివరిగా బిగించవలెను. జాకీ మీద, చక్రాలు వ్రేలాడుతుండగా బిగిస్తే, క్రిందికి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. పాలియురేథేను బుష్షులు గట్టివి, ఎక్కువ కాలం మన్నుతాయి. కాని రోడ్డు చప్పుడును, అదురును లోపలికి ఎక్కువగా పంపుతాయి. పెద్దవారు కూర్చునే కారుకు మంచి రబ్బరే మేలు.

మూడవది షాక్ అబ్జార్బర్లు. కారు ఒక మూలను బలంగా క్రిందికి నొక్కి వదిలినప్పుడు అది పైకి వచ్చి వెంటనే కుదుటపడవలెను. రెండవసారి, మూడవసారి ఊగితే పని పట్టించవలసినదే. మైనరు వంటి పాత కార్లలో వీటికి గొట్టపు ఆకారం ఉండదు. నూనె నిండిన పెట్టె, దానినుండి వెలువడే చేయి ఉంటాయి. ముందు భాగాన ఆ చేయే చక్రాన్ని నిలిపే పైచేయిగా కూడ పనిచేస్తుంది. గొట్టపు షాక్ అబ్జార్బర్లు అమర్చినా ఆ పాత చేయిని తీసివేయడానికి వీలులేదు. కొత్తవాటిని ఎక్కడ బిగిస్తున్నామన్నది మరీ ముఖ్యం. బాడీలో ఆ బలాన్ని తట్టుకునేందుకు ఏర్పరచని చోట రంధ్రం తొలిచి బిగిస్తే, కొంతకాలానికి ఆ రేకు చిరుగుతుంది. సరియైన నూనె పోసి బాగుచేయించిన పాత పెట్టెలే సామాన్యపు వాడుకకు సరిపోతాయని ఇక్కడ చెప్పక తప్పదు.

ఈ మూడూ పూర్తి చేసి, ముందు చక్రాల అలైన్‌మెంటు సరిచూపించిన పిమ్మట, కారును కొన్ని వందల కిలోమీటర్లు నడిపి చూడవలెను. అనేకులకు ఇంతటితోనే తృప్తి కలుగుతుంది. అప్పటికీ చాలదనుకుంటేనే స్ప్రింగుల జోలికి పోవలెను. టార్షన్ బారు లెక్క విచిత్రమైనది. దాని గట్టిదనం వ్యాసం యొక్క నాలుగవ ఘాతాన్నిబట్టి పెరుగుతుంది. అనగా కడ్డీ లావు పదవ వంతు పెంచితే, గట్టిదనం దాదాపు సగం పెరిగిపోతుంది. చేతితో పట్టి చూస్తే తెలియనంత తేడా, కారు నడకను తలక్రిందులు చేయగలదు. వాడిన కడ్డీలను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చరాదు. ఒకేవైపు మెలిపడడానికి అలవాటు పడిన ఉక్కు రెండవవైపు విరగవచ్చు. దాని మీద పడిన చిన్న గీత కూడ క్రమంగా పగులుగా మారుతుంది. బిగించి ఉన్న కడ్డీలో ఎంతో శక్తి దాగి ఉంటుంది గనుక, ఇంట్లో విప్పే ప్రయత్నం చేయరాదు. తెలిసిన మెకానిక్కు చేతనే చేయించవలెను.

వెనుకవైపు, బరువు ఎక్కువ వేసేవారు కమాను కట్టలో అదనపు పట్టీ చేర్పించడం మన దేశంలో చిరకాలపు వాడుక. అయిదారుగురు సామానుతో ప్రయాణించే టాక్సీకి అది తగునేమో గాని, ఇద్దరు కూర్చునే కారులో అది వెనుక చక్రాలను గతుకు గతుకుకూ ఎగరవేస్తుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు శూన్యం. అటువంటి పట్టీ ఉంటే తీయించి, మిగిలిన పట్టీల నడుమ తుప్పు తొలగించి గ్రీజు వేయిస్తే మెత్తదనం తిరిగి వస్తుంది. కారును క్రిందికి దించడంలోను ఇటువంటి చిక్కే ఉన్నది. బరువు నేలకు దగ్గరగావడం మంచిదే. కాని చక్రం పైకి లేవడానికి చోటు తరిగి, స్పీడుబ్రేకరు వద్ద రబ్బరు అడ్డు తగిలి, మెత్తని స్ప్రింగు ఒక్కసారిగా బండరాయి అవుతుంది. స్టీరింగు కడ్డీ, చక్రపు చేయి కదిలే కోణాలు పొసగక, గతుకులో కారు తనంతట తాను ప్రక్కకు మళ్ళుతుంది.

బ్రేకుల మాట మరువరాదు. తొలితరం అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. నడక కుదిరిన కారును మనిషి తెలియకుండానే వేగంగా నడుపుతాడు. కనుక బ్రేకు గొట్టాలు, సిలిండర్లు, లైనింగులు కొత్తవి వేయించకముందు నడక దిద్దే పనికి పూనుకోరాదు.

చివరగా బాడీని, చట్టాన్ని గూర్చి. ఈ కారుకు వేరే ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. టార్షన్ బారు వెనుక కొన, కమాను కట్ట కొనలు పట్టుకున్నచోట తుప్పు తిన్నదేమో ముందుగా పరీక్షించవలెను. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి ఈ పనిని గుట్టుగా చేస్తుంది. తుప్పు పట్టిన రేకుకు గట్టి స్ప్రింగు తగిలించడం పాడుబడిన గోడకు పెద్ద దూలం ఆనించడం వంటిది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అదుపు చేస్తుంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాల ప్రకారం, 50 ఏండ్లు దాటిన కారుకు వింటేజి వాహనమనే గుర్తింపు కావలెనంటే అది తన మూలరూపంలో ఉండవలెను. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు చేసి ఉండరాదు. కోసినది మళ్ళీ అతకదు. మరతో విప్పి పూర్వస్థితికి తేగలిగిన మార్పు ఏదైనా చేయవచ్చు. రంపంతో చేసే మార్పు వద్దు. తీసిన పాత భాగాలను గుర్తులు వ్రాసి దాచిపెట్టవలెను.

టైరు, కీళ్ళు, బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, అటుపిమ్మటనే స్ప్రింగులు: ఈ వరుస తప్పకుండ, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, నడిపి చూచి, ఆ ఫలితాన్ని ఒక పుస్తకంలో వ్రాసుకోవలెను. నాలుగు మార్పులు ఒక్కసారే చేసినవారికి మేలు దేనివలన కలిగినదో, కీడు దేనివలన వచ్చినదో తెలియదు. అంబాసిడరును పందెపు కారుగా మార్చలేము, మార్చవలసిన అవసరమూ లేదు. గతుకుల రోడ్డు మీద ముసలివారిని, పసిపిల్లలను కుదుపు లేకుండ చేర్చడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఆ గుణాన్ని నిలుపుకుంటూ, వానలో మలుపు దగ్గర, ఎదురుగా లారీ వచ్చినవేళ, త్రిప్పినవైపుకు తిరిగి, ఆపినచోట ఆగే కారును కుటుంబానికి అప్పగించగలిగితే, ఆ పాత కారుకు చేయవలసిన పని చేసినట్లే.